కంపెనీ మునిగేటప్పుడు సీఎఫ్‌ఓ పోస్టు ఇస్తామంటున్నారు, తీసుకోవాలా?

కూకట్‌పల్లి కుర్రాడు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ ఎప్పుడూ రాయలేదు. పేర్లు లేకుండా చెప్తాను. ఎవరైనా ఊహించినా దయచేసి బయట పెట్టకండి.

నేను సీఏని. సోలార్ పరికరాలు తయారుచేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో ఫైనాన్స్ మేనేజర్‌గా చేస్తున్నాను. ఏడాదిగా చేతిలో డబ్బు ఆడట్లేదు. సరుకు వెళ్లింది, బిల్లులు వెళ్లాయి, వసూళ్లు మాత్రం రావట్లేదు. జీతాలు ఒకటో తారీకు నుంచి పదికి, పది నుంచి ఇరవైకి జరిగాయి. పోయిన నెల మా సీఎఫ్‌ఓ (ఫైనాన్స్ విభాగం మొత్తానికి పెద్ద) ఆరోగ్యం బాగాలేదని మానేశారు. ఆదివారం రైతుబజార్‌లో కనిపించారు, శుభ్రంగా ఉన్నారు.

సోమవారం ఎండీ గారు పిలిచి ఆ కుర్చీ నాకే అన్నారు. ఇప్పుడు నా జీతం ఏడాదికి 16 లక్షలు, అది 30 అవుతుందట. దాంతోపాటు ఒక చిన్న పని. బ్యాంకుకి నెలనెలా పంపే స్టాక్ స్టేట్‌మెంట్‌లో (సరుకు, రావాల్సిన బాకీల లెక్క) 90 రోజులు దాటిన బాకీలకి కొత్త తేదీలు వేసి చూపించాలి. "ఒక్క క్వార్టరే. ఇన్వెస్టర్ డబ్బు రాగానే సర్దేద్దాం" అన్నారు.

ఇంటి లోను ఉంది. పాపకి రెండో ఏడు. వీటన్నిటికంటే నన్ను తినేస్తున్న విషయం వేరే ఉంది. మా దగ్గర 90 మంది పనిచేస్తున్నారు. బ్యాంకు లిమిట్ తగ్గిస్తే వచ్చే నెల వాళ్లకి జీతాలు ఉండవు. నేను సంతకం పెట్టకపోవడం వాళ్లకి అన్యాయం కాదా?

ఈఎంఐ యోధుడు:

తీసుకో బ్రో. ఇక్కడ అందరూ నీతులు చెప్తారు, నీ ఈఎంఐ మాత్రం ఒక్కరూ కట్టరు. సీఎఫ్‌ఓ అని రెజ్యూమెలో ఒక ఏడాది పడితే తర్వాతి ఉద్యోగం 40 దగ్గర మొదలవుతుంది. ఎండీ చెప్పాడు, నువ్వు చేశావు, అంతే. నువ్వు కాదంటే పక్క సీటువాడు పెడతాడు సంతకం. ఎలాగూ మునిగే కంపెనీలోంచి ఉత్త చేతులతో దిగడం ఎందుకు?

లెక్కలమ్మ:

యోధుడు గారూ, "ఎండీ చెప్పాడు, నేను చేశాను" అన్నది ఉద్యోగి నోట్లో బాగానే ఉంటుంది. సంతకం ఉన్న సీఏ నోట్లో అది పనికిరాదు.

కుర్రాడు గారూ, మీకు ఇస్తున్నది ఏమిటో ముందు చూడండి. ఫైనాన్స్ మేనేజర్ ఉద్యోగి. సీఎఫ్‌ఓ అంటే కంపెనీల చట్టం దృష్టిలో కీ మేనేజీరియల్ పర్సనల్, అంటే కంపెనీ నడిపే ముఖ్యుల్లో ఒకరు. మీ నియామకం చెప్పే డీఐఆర్-12 ఫారం ఆర్‌ఓసీకి (కంపెనీల రిజిస్ట్రార్‌కి) వెళ్లిందంటే, రేపు ఏదైనా తప్పు బయటపడినప్పుడు బాధ్యులుగా చూసేవాళ్లలో మీ పేరూ ఉంటుంది. మీలాంటి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి సీఎఫ్‌ఓ ఉండి తీరాలని చట్టం అడగదు. చట్టం అడగని పోస్టుని, జీతాలు ఇరవయ్యో తారీకున ఇస్తున్న కంపెనీ, ఉన్న జీతాన్ని దాదాపు రెట్టింపు చేసి మరీ ఎందుకు ఇస్తోంది? ఆ 14 లక్షల తేడా మీ అనుభవానికి కాదు, మీ సంతకానికి.

మోసం మొత్తం 10 లక్షలు గానీ టర్నోవర్‌లో ఒక శాతం గానీ, ఏది తక్కువైతే అది దాటితే చాలు, కంపెనీల చట్టం 447 సెక్షన్ కింద ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా జైలు. మన సీఏల సంస్థ ఐసీఏఐ క్రమశిక్షణ చర్యలు ప్రాక్టీసులో ఉన్నవాళ్లకే అనుకుంటారు చాలామంది. ఉద్యోగంలో ఉన్న సభ్యులకీ వర్తిస్తాయి. మెంబర్‌షిప్ పోతే మీ రెజ్యూమెలో మిగిలేది సీఎఫ్‌ఓ అన్న మాట ఒక్కటే.

ఇంకో సంగతి. మీ ఎండీ గారు పాతకాలంలో ఉన్నట్టున్నారు. 5 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలకి 2023 ఆగస్టు నుంచి ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్లో నమోదయ్యే బిల్లు) తప్పనిసరి. పోర్టల్ ఆ బిల్లుకి ఐఆర్‌ఎన్ అనే నంబర్ ఇచ్చాక రద్దు చేయడానికి 24 గంటలే టైము. ఆ తర్వాత తేదీ మార్చాలంటే క్రెడిట్ నోట్ వేసి మళ్లీ కొత్త బిల్లు వేయాలి, అదీ జీఎస్టీలో కనిపిస్తుంది. అంటే స్టేట్‌మెంట్‌లో ఒక తేదీ, జీఎస్టీ అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1లో ఇంకో తేదీ. పట్టుకోవడానికి డిటెక్టివ్ అక్కర్లేదు.

మియాపూర్ మెట్రో:

సోలార్, ప్రైవేట్ లిమిటెడ్, సీఎఫ్‌ఓ మానేశాడు... ఇది ఆ కంపెనీయేనా?

మోడరేటర్:

కంపెనీ పేరు ఊహిస్తూ పెట్టిన పోస్టులు రెండు తీసేశాం. ఇంకోసారి పెడితే ఐడీ బ్లాక్ చేస్తాం.

బ్యాంకు బాబాయి:

రిటైరయ్యే దాకా బ్యాంకులో క్రెడిట్ సెక్షన్లో ఉన్నాను నాయనా. నీ చివరి ప్రశ్న, ఆ 90 మంది సంగతి, దాని గురించి చెప్తా.

ఉదాహరణకి మీకు రావాల్సిన బాకీలు 12 కోట్లు అనుకో. అందులో 5 కోట్లు 90 రోజులు దాటాయి. బ్యాంకు ఆ 5 తీసేసి, మిగిలిన 7 మీద 25 శాతం మార్జిన్ పట్టుకుని, 5 కోట్ల 25 లక్షల దాకా వాడుకోనిస్తుంది. అదే డ్రాయింగ్ పవర్. తేదీలు మారిస్తే 12 మీద లెక్క కట్టి 9 కోట్లు ఇస్తుంది. తేడా 3 కోట్ల 75 లక్షలు. లేని ఆస్తి మీద బ్యాంకు డబ్బు తీసుకోవడం అన్నమాట.

ఇప్పుడు ఆ 3.75 కోట్లు ఎటు పోతాయో చూడు. వడ్డీకి కొంత. సరుకు ఆపేస్తానని బెదిరిస్తున్న సప్లయర్లకి కొంత. ప్రమోటర్ బావమరిది కంపెనీకి "అడ్వాన్స్" కింద కొంత, ఇది నేను చాలా ఖాతాల్లో చూశాను. జీతాలు ఎప్పుడూ వరసలో ఆఖరే. ఎందుకంటే గొంతు పెద్దది చేయలేనివాళ్లు వాళ్లే. జీతాల కోసం సంతకం పెట్టానని నువ్వు అనుకుంటావు, జీతాలు మాత్రం ఇరవై నుంచి ముప్పైకి జరుగుతాయి.

కంపెనీని నిజంగా నిలబెట్టాలంటే దార్లు లేకపోలేదు. కొన్నవాళ్లు ప్రభుత్వ సంస్థలో పెద్ద కంపెనీలో అయితే, వాళ్లు బిల్లు ఒప్పుకున్నాక టీఆర్‌ఈడీఎస్‌లో (చిన్న, మధ్యతరహా పరిశ్రమల బిల్లుల మీద ముందే డబ్బు దొరికే ఆన్‌లైన్ వేదిక) పెట్టి డబ్బు చేసుకోవచ్చు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న పరిశ్రమ అయితే 45 రోజులు దాటిన బాకీకి ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు, బ్యాంకు రేటుకి మూడింతలు చక్రవడ్డీ పడుతుంది. కొన్నవాళ్లకి కోపం వస్తుందని మన ప్రమోటర్లు ఆ దారి పట్టరు. ఇక బ్యాంకు దగ్గరికి ముందే వెళ్లి వసూళ్లు ఆగాయని చెప్పి గడువు అడగడం. బాకీ నెల దాటి రెండో నెలలో పడిన ఖాతాని ఎస్‌ఎంఏ-1 అంటారు, అందులో ఉండగా వచ్చి నిజం చెప్పినవాడితో బ్యాంకు మాట్లాడుతుంది. ఎన్‌పీఏ (మొండి బాకీ) అయ్యాక స్టాక్ ఆడిట్‌లో దొరికినవాడి ఫైలు ఫ్రాడ్ విభాగానికి వెళ్తుంది.

ఈఎంఐ యోధుడు:

బాబాయ్, మీరు చెప్పింది రైటే కావచ్చు. కానీ పెద్దోళ్లకి ఏమీ కాదు, చిన్నోడు మాత్రం నీతి కోసం ఉద్యోగం పోగొట్టుకోవాలా? సత్యం కంప్యూటర్స్ కుంభకోణం చూడండి. ఎవరికి ఏమైంది?

పాత సత్యం:

ఐడీ పేరు చూసి అర్థమయ్యే ఉంటుంది, ఆ రోజుల్లో నేను అక్కడే. టెక్నికల్ వైపు, ఫైనాన్స్‌తో సంబంధం లేదు. యోధుడు గారి "ఎవరికి ఏమైంది" అన్నదానికి సమాధానం చెప్తాను.

2009 జనవరి 7, బుధవారం. సత్యం ఛైర్మన్ రామలింగరాజు గారు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు ఉంటే, అందులో 5,040 కోట్లు లేనే లేవు. సెప్టెంబరు క్వార్టర్ ఆపరేటింగ్ లాభం 649 కోట్లు అని చూపించాం, అసలు 61 కోట్లే అన్నారు. ముందురోజు 179 దగ్గరున్న షేరు సాయంత్రానికి 40కి పడింది. కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చి అప్పటికి నాలుగు నెలలు.

కుర్రాడు గారూ, మీరు ఆ ఉత్తరంలో చూడాల్సింది 5,040 అంకె కాదు. అసలు లాభానికీ చూపించిన లాభానికీ మొదట్లో ఉన్న తేడా చాలా చిన్నదని, ఏళ్ల తరబడి పెరిగి అదుపు తప్పిందని ఆయనే రాశారు. అదే ఉత్తరంలో ఆయన రాసిన పులి మీద సవారీ అన్నది అందరికీ గుర్తుంది, ఈ వాక్యం ఎవరికీ గుర్తులేదు. మీ ఎండీ గారి "ఒక్క క్వార్టరే" చదవగానే నాకు అదే గుర్తొచ్చింది. వచ్చే క్వార్టర్‌లో ఈ 5 కోట్లూ మళ్లీ 90 రోజులు దాటుతాయి. మళ్లీ తేదీ మార్చాలి, వాటితోపాటు కొత్తగా దాటినవి కూడా.

ఎవరికి ఏమైందంటే, 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు పది మందికి ఏడేళ్ల చొప్పున శిక్ష వేసింది. రాజు గారు, ఆయన తమ్ముళ్లిద్దరు, సీఎఫ్‌ఓ, ఆడిట్ సంస్థ ఆడిటర్లు ఇద్దరు. మిగిలిన నలుగురూ ఉద్యోగులే. అందులో ఒకరి హోదా ఫైనాన్స్‌లో అసిస్టెంట్ మేనేజర్. అసిస్టెంట్ మేనేజర్ అండీ! ఇన్‌వాయిసింగ్ సిస్టమ్‌లో సూపర్ యూజర్ లాగిన్‌తో సృష్టించిన దొంగ బిల్లులు 7,561 అని సీబీఐ లెక్క తేల్చింది. బిల్లులు ఎండీలు కొట్టరు కదా, ఎవరో ఒకరు కూర్చుని కొట్టాలి. నెల రోజులకే పై కోర్టు శిక్ష నిలిపి బెయిలిచ్చిన మాట నిజమే. కానీ 2009 నుంచి 2015 దాకా ఆ అసిస్టెంట్ మేనేజర్ కుటుంబం ఎలా బతికిందో ఊహించుకోండి. లాయర్ల ఫీజులు రాజు గారికీ అతనికీ ఒకే రకంగా బరువు కాదు.

ఇక నా సంగతి. నేను ఒక విదేశీ క్లయింట్‌కి డెలివరీ చూసేవాణ్ణి. అమెరికాలో లీమన్ బ్రదర్స్ బ్యాంకు పడిపోయిన కాలం, బయట ఉద్యోగాలు లేవు. ఆ జనవరిలోనే ఒక పోటీ కంపెనీవాళ్లు పిలిచారు. మంచి హోదా, మంచి జీతం. షరతు ఏమిటంటే టీమ్‌ని మొత్తం తేవాలి, క్లయింట్ సిస్టమ్‌ల డాక్యుమెంట్లు, ధరల కాగితాలు కూడా తేవాలి. వెళ్లిపోవడం తప్పు కాదు. చాలామంది వెళ్లారు, వాళ్లని నేను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. పిల్లల ఫీజులు కట్టాలి కదా. డాక్యుమెంట్లు మాత్రం నావి కావు, ప్రమోటర్‌వీ కావు. క్లయింట్ మనల్ని నమ్మి ఇచ్చినవి. అవి లేకుండా వస్తానన్నాను. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు.

ఉండిపోయాను. కేంద్రం పాత బోర్డుని తీసేసి కొత్త బోర్డు వేసింది. కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్ లాంటివాళ్లు వచ్చారు. ఏప్రిల్లో టెక్ మహీంద్రా షేరుకి 58 రూపాయలు పెట్టి కొంది. కథ సుఖాంతం అని పేపర్లు రాశాయి. ఉండిపోయినవాళ్లందరికీ సుఖాంతం కాదు, ఆ వేసవిలోనే వేల మందిని తగ్గించిన జీతంతో వర్చువల్ పూల్‌లో (పని లేకుండా ఇంట్లో ఉండేవాళ్ల జాబితా) పెట్టారు. నీతిగా ఉంటే మంచే జరుగుతుందని నేను మీకు మాట ఇవ్వలేను.

భీమవరం బుల్లోడు:

ఒక్క మాట. మా వైపు ఊళ్లలో రామలింగరాజు గారి కుటుంబం నడిపిన బైర్రాజు ఫౌండేషన్ నీళ్ల ప్లాంట్లు పెట్టింది. 108 అంబులెన్స్ 2005లో మొదలుపెట్టింది రాజు గారే. అది లేకపోతే మా నాన్న ఇవాళ ఉండేవారు కాదు. ఆయన్ని దొంగ అంటుంటే మనసొప్పదు.

మామూలు షేర్‌హోల్డరు:

బుల్లోడు గారూ, మీ నాన్నగారు బాగుండాలి. నేనూ 108 ఎక్కినవాణ్ణే. కానీ మా అక్క పెళ్లికని దాచిన డబ్బు సత్యం షేర్లలో ఉండేది, మన తెలుగాయన కంపెనీ అని. ఆ సేవ నిజం, ఈ నష్టమూ నిజం. ఒకదాంతో ఇంకోటి చెల్లు వేయకండి.

టెక్సాస్ తెలుగు:

ఇక్కడ అమెరికా షేర్‌హోల్డర్లకి 2011లో సెటిల్‌మెంట్ వచ్చింది. కంపెనీ నుంచి 12.5 కోట్ల డాలర్లు, ఆడిట్ సంస్థ నుంచి 2.55 కోట్లు. ఇండియాలో కొన్నవాళ్లకి అలా ఏమీ రాలేదు. క్లాస్ యాక్షన్ (నష్టపోయినవాళ్లంతా కలిసి వేసే దావా) అన్న మాట 2013 చట్టంతో గానీ మన దగ్గరికి రాలేదు.

కుర్రాడు గారూ, మీరు ఎదురు తిరిగితే కాపాడే చట్టం ఏదైనా ఉందా అక్కడ? ఇక్కడైతే షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీకి సమాచారం ఇచ్చినవాళ్లకి వసూలైన జరిమానాలో 10 నుంచి 30 శాతం దాకా ఇస్తారు.

లెక్కలమ్మ:

పెద్దగా లేదు. ఫిర్యాదు చేసినవాళ్లని కాపాడే ఏర్పాటు లిస్టెడ్ కంపెనీలకి, ప్రజల డిపాజిట్లు తీసుకునేవాటికి, బ్యాంకుల నుంచి 50 కోట్లకు మించి అప్పున్న వాటికి తప్పనిసరి. వీళ్లది అందులోకి రాదు. 2014 విజిల్ బ్లోయర్ల చట్టం ప్రభుత్వ రంగానికి సంబంధించింది, అదీ అమల్లోకి తేలేదు.

అందుకే కుర్రాడు గారూ, వీరుడిలా బయటికెళ్లి అరవమని నేను చెప్పను. చేయాల్సింది ఒక్కటే, కాదన్న సంగతి కాగితం మీద ఉండాలి. సత్యంలో 2008 డిసెంబరు 16న రాజు గారి కుటుంబ సంస్థలైన మేటాస్ కంపెనీల కొనుగోలుకి బోర్డు ఏకగ్రీవంగా సరే అంది. రాజీనామా చేసిన ఇండిపెండెంట్ డైరెక్టర్ మంగళం శ్రీనివాసన్ గారు, ఆ మీటింగ్‌లో తాను వ్యతిరేకంగా ఓటు వేయలేదని, నైతిక బాధ్యత తనదేనని రాశారు. నోటితో ఎన్ని ప్రశ్నలు అడిగినా మినిట్స్‌లో పడేది ఓటే.

ఎండీకి మెయిల్ పెట్టండి, ఘాటు వద్దు. "సోమవారం మీరు చెప్పిన విధంగా బాకీల తేదీలు మార్చి స్టేట్‌మెంట్ ఇవ్వడం నా వల్ల కాదు. పుస్తకాల ప్రకారం ఏజింగ్ (ఏ బాకీ ఎన్ని రోజులదో చూపే పట్టిక) జత చేస్తున్నాను. బ్యాంకుతో గడువు గురించి మాట్లాడటానికి నేను సిద్ధం" అని రాయండి. బీసీసీలో మీ సొంత జీమెయిల్ పెట్టకండి, ఏజింగ్ షీటు కంపెనీ డేటా, దాని మీదే మీకు నోటీసు ఇస్తారు. ఏ రోజు ఏం చెప్పారో, మీరు ఏం రాశారో ఇంట్లో ఒక పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి.

బ్యాంకు బాబాయి:

అమ్మాయి చెప్పినట్టు చెయ్యి. బ్యాంకుకి చెప్పాలా వద్దా అని ఇప్పుడే బుర్ర పాడుచేసుకోకు. నీ సంతకంతో తప్పుడు కాగితం వెళ్లకుండా ఉంటే చాలు ప్రస్తుతానికి. బ్యాంకువాళ్లు నిన్ను నేరుగా అడిగిన రోజు మాత్రం అబద్ధం చెప్పకు.

ఈఎంఐ యోధుడు:

అసిస్టెంట్ మేనేజర్ సంగతి నాకు తెలీదు. సరే, సంతకం వద్దులే. కానీ ఉద్యోగం వెతుక్కోకుండా రాజీనామా మాత్రం చేయకు. దీని మీద నాతో ఎవరూ వాదించకండి.

పాత సత్యం:

దీని మీద వాదన లేదు.

కూకట్‌పల్లి కుర్రాడు:

అందరికీ థాంక్స్. లెక్కలమ్మ గారు చెప్పినట్టే మెయిల్ పెట్టాను. రెండు రోజులు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఎండీ గారు పిలిచి, నువ్వు ఇంత పిరికివాడివి అనుకోలేదన్నారు. సీఎఫ్‌ఓ మాట మళ్లీ ఎత్తలేదు. ఈ నెల స్టేట్‌మెంట్ ఎవరు పంపారో, ఏ తేదీలతో పంపారో నాకు చెప్పలేదు. నా టాలీ లాగిన్‌లో కొన్ని రిపోర్టులు తెరుచుకోవట్లేదు.

పాత సీఎఫ్‌ఓ గారికి ఫోన్ చేశాను. సంగతంతా విని, "నన్నూ అదే అడిగారు" అన్నారు. మరి వెళ్లేటప్పుడు నాకు ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా అన్నాను. ఆయన ఏదో మీటింగ్ ఉందని పెట్టేశారు. నాకు ఎండీ మీద కంటే ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

రెండు చోట్ల ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. ఒకటి 15 లక్షలు, ఇప్పటికంటే తక్కువే.

లెక్కలమ్మ:

15 తీసుకోండి. లాగిన్ తగ్గించడం మొదలైందంటే తప్పు మీ మీదకి తోసే ప్రయత్నం కూడా మొదలవ్వొచ్చు. ఏ రిపోర్టు ఎప్పటి నుంచి తెరుచుకోవట్లేదో ఐటీవాళ్లకి మెయిల్ పెట్టండి, రికార్డు ఉంటుంది. పే స్లిప్పులు, ఫారం 16, ఆఫర్ లెటర్ మీ కాగితాలే, అవి దగ్గర పెట్టుకోండి. ఈపీఎఫ్ పాస్‌బుక్ చూశారా? ఇలాంటి కంపెనీల్లో మొదట ఆగేది అదే.

కూకట్‌పల్లి కుర్రాడు:

ఇప్పుడే చూశాను. పే స్లిప్‌లో ప్రతి నెలా కోస్తున్నారు, పాస్‌బుక్‌లో ఆగస్టు నుంచి జమ లేదు. పేరోల్ వేరే కన్సల్టెంట్ చూస్తాడు, నా దగ్గరికి రాదు. షాప్ ఫ్లోర్‌లో వాళ్లకి ఈ సంగతి తెలిసి ఉండదు. చెప్తే కంపెనీ రహస్యం బయటపెట్టినట్టు అవుతుందా?

బ్యాంకు బాబాయి:

వాళ్ల పాస్‌బుక్ వాళ్లది, రహస్యం ఏముంది? పీఎఫ్ ఖాతా యూఏఎన్ నంబర్‌తో ఎలా చూసుకోవాలో నేర్పించు, మిగతాది వాళ్లకే కనిపిస్తుంది. మిస్డ్ కాల్ ఇస్తే మెసేజ్ వచ్చే సౌకర్యం కూడా ఉంది, స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకి అది చెప్పు.

లెక్కలమ్మ:

ఈపీఎఫ్‌ఓ పోర్టల్లో ఎవరికి వాళ్లే ఫిర్యాదు వేయొచ్చు, ఈపీఎఫ్‌ఐజీఎంఎస్ అని ఉంటుంది. పది మంది విడివిడిగా వేస్తే ఇన్‌స్పెక్టర్ త్వరగా కదులుతాడు. రేపు కంపెనీ దివాలాకి వెళ్లినా పీఎఫ్, గ్రాట్యుటీ డబ్బు అప్పులిచ్చినవాళ్ల వాటాలో కలవదు. జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల విషయంలో 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి నిలిచింది. రాని జీతాలకి రిజల్యూషన్ ప్రొఫెషనల్ (దివాలా కేసులో కంపెనీని చూసుకునే అధికారి) వచ్చాక ఫారం డీ నింపాలి, దానికి గడువు ఉంటుంది, పేపర్లో ప్రకటన చూస్తూ ఉండమనండి.

కూకట్‌పల్లి కుర్రాడు:

సరేనండి. రేపు లంచ్‌లో స్టోర్స్ సూపర్‌వైజర్‌తో మొదలుపెడతాను, ఆయన మాట అందరూ వింటారు. ఫారం డీ ఎక్కడ దొరుకుతుందో లింకు ఉంటే ఇక్కడ పెట్టండి.